పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి

మా పెద్దమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తర్వాత నేను పదిహేను రోజుల పాటు వృద్ధాశ్రమాలకు ఫోన్లు చేశాను. అన్ని చోట్లా మొదటి ప్రశ్న ఒకటే: "ఆవిడ తన పనులు తాను చేసుకోగలరా అండీ?" చేసుకోలేరని చెప్పగానే అవతలి గొంతు మెత్తబడేది. "మంచాన ఉన్నవాళ్లను మేము చేర్చుకోమండీ, చూసుకునే మనుషులు లేరు" అనేవారు. నడవగలిగి, స్నానం చేయగలిగి, తన కంచం తాను కడుక్కోగలిగిన మనిషైతే రేపే తీసుకురమ్మన్నారు.

ఆ మనిషి నడవగలిగి ఉంటే నేను ఫోను ఎందుకు చేస్తాను? ఈ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలడం లేదు. ఈ వ్యాసం దాని గురించే.

మా ఊరు తణుకుకు దగ్గర. పెదనాన్న పోయి పదేళ్లు దాటింది. అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. అక్క హైదరాబాదులో రెండు గదుల అద్దె ఇంట్లో, లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటుంది. నేను ఏలూరులో. పెద్దమ్మకు 82 ఏళ్లు. పడిపోయే ముందు రోజు వరకూ ఆవిడ పెరట్లో గోంగూర కోసి, పక్కింటివాళ్లకు పంచిన మనిషి. ఆపరేషన్ బాగానే జరిగింది. డిశ్చార్జి కాగితంలో వాకర్ పట్టించి నడిపించాలని, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, మడమల కింద మెత్త పెట్టాలని అన్నీ వివరంగా రాశారు. ఈ పనులు చేసే మనిషి తణుకు చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతారో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఆసుపత్రిలో ఒక్కరూ లేరు.

హైదరాబాదులోని అటెండెంట్ ఏజెన్సీలు ఊరు దాటి మనిషిని పంపలేమన్నాయి. విజయవాడ నుంచి ఒక ఏజెన్సీ ఇరవై ఏళ్ల అమ్మాయిని పంపింది. నెలకు పాతిక వేలు, భోజనం, వసతి. ఆ అమ్మాయి తొమ్మిదో రోజున వెళ్లిపోయింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఊరు కాని ఊళ్లో, తెలియని ఇంట్లో, ఒకే గదిలో ఇరవై నాలుగు గంటలూ ఒక ముసలావిడ పక్కన ఉండమంటే, వారానికి ఒక్క సెలవైనా లేకపోతే, ఇచ్చిన డబ్బులో ఏజెన్సీ వాటా పోతే, ఎవరు మాత్రం ఉంటారు?

ఆ తొమ్మిది రోజుల తర్వాతే ఆశ్రమాలకు ఫోన్లు మొదలుపెట్టాను. అప్పుడు బంధువుల్లో ఒకరు అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది: "ముగ్గురు ఉండి కూడా పెద్దావిడను ఆశ్రమంలో పడేస్తారా?"

మనకు ఈ తీర్పు చాలా సులభంగా నోటికి వస్తుంది. వృద్ధాశ్రమం అనే మాట వినగానే కన్నవాళ్లను వదిలేసిన కొడుకు, గయ్యాళి కోడలు, కన్నీళ్లు పెట్టుకునే తల్లి కళ్ల ముందు నిలబడతారు. వదిలేసేవాళ్లు లేరని నేను అనను. ఉన్నారు, వాళ్లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక ప్రాంతంలో ఆశ్రమాలు ఎందుకు నిండుతున్నాయో తెలుసుకోవాలంటే పిల్లల మనసులు తవ్వడం కంటే ముందు చూడవలసింది ఒకటుంది. ఆ ఇంటికి అరగంట దూరంలో సాయం చేసే చెయ్యి దొరుకుతుందా లేదా? దొరికిన చోట మనుషులు ఇంట్లోనే ఉండగలుగుతారు. దొరకని చోట ఎంత ప్రేమ ఉన్న కుటుంబమైనా ఏదో ఒక రోజు ఆశ్రమం గేటు ముందు నిలబడుతుంది.

ఇది నా ఊహ కాదు. డెన్మార్క్‌లో స్కేవింగే అనే చిన్న మునిసిపాలిటీ ఉండేది. 1984లో అక్కడ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వృద్ధుల నిలయంలో పనిచేసే సిబ్బందినీ, ఇళ్లకు వెళ్లి సేవ చేసే సిబ్బందినీ కలిపి ఒకే బృందంగా చేశారు. పగలూ రాత్రీ సాయం అందుబాటులో ఉంచారు. నువ్వు నీ ఇంట్లో ఉన్నా, నిలయంలో ఉన్నా నీకు అందే సాయం ఒకటే అన్నారు. నిలయంలో చోటు కోసం ఎదురుచూసే వాళ్ల జాబితా కరిగిపోయింది. అలాంటి అనుభవాల మీద నమ్మకంతోనే డెన్మార్క్ 1987లో చట్టం చేసి, పాత పద్ధతి వృద్ధుల నిలయాలను కొత్తగా కట్టడం ఆపేసింది. ఆ దేశంలో పిల్లలు మనకంటే ఎక్కువ ప్రేమ గలవాళ్లని ఎవరూ అనలేదు. అక్కడ పిల్లలు తల్లిదండ్రులతో కలిసి ఉండటమే అరుదు. మారింది వాళ్ల ప్రేమ కాదు, వీధిలో తిరిగే సహాయకుల సంఖ్య.

అమెరికా కథ దీనికి అద్దంలో కనిపించే బొమ్మలా ఉంటుంది. అక్కడ నర్సింగ్ హోం అంటే మన దగ్గరలా చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు, మంచం పట్టిన వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు. పేదల వైద్యానికి డబ్బు పెట్టే మెడికెయిడ్ 1965లో మొదలైంది. నర్సింగ్ హోం ఖర్చు భరించడం రాష్ట్రాలకు తప్పనిసరి అయింది. ఇంట్లో సాయం ఇవ్వడం చాలావరకూ రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. దాంతో డబ్బు లేని ముసలివాళ్లకు నిలయంలో పడక దొరికేది, ఇంట్లో ఒక పూట స్నానం చేయించే మనిషి దొరికేది కాదు. పడకలు నిండక ఏమవుతాయి? 1981లో ప్రత్యేక మినహాయింపులతో ఇంటి దగ్గర సేవలకు దారి తెరిచారు. 1999లో ఓల్మ్‌స్టెడ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, సమాజంలో బతకగలిగిన మనిషిని కారణం లేకుండా సంస్థలో ఉంచడం వివక్ష అని తేల్చింది. 2013 నాటికి మెడికెయిడ్ దీర్ఘకాలిక సంరక్షణ ఖర్చులో ఇంటి దగ్గర సేవల వాటా సంస్థల వాటాను దాటింది. అంటే ఆ మార్పుకు ముప్పై ఏళ్లు పట్టింది. డబ్బు ఏ గుమ్మం ముందు ఆగుతుందో మనుషులు ఆ గుమ్మం వైపే నడుస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పడకలు ఖాళీగా ఉంటే అదంతా మంచికేనని అనుకోకూడదు. అమెరికా నర్సింగ్ హోముల్లో 2019 ప్రాంతంలో నూటికి సుమారు 80 పడకలు నిండి ఉండేవి. కోవిడ్ తర్వాత 2021 ఆరంభంలో ఆ సంఖ్య 70 కంటే కిందికి పడిపోయింది. ఎంతోమంది చనిపోయారు, భయపడి కొత్తవాళ్లు చేరలేదు, పనిచేసేవాళ్లు మానేశారు. పడక ఉన్నా చూసే మనిషి లేక చేర్చుకోని చోట్లూ ఉన్నాయి. కాబట్టి నిండిన పడకల లెక్క ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఆ పడకలో లేని మనిషి ఎక్కడ ఉన్నాడు, ఎలా ఉన్నాడు అని అడగాలి. ఇంట్లో శుభ్రంగా, కడుపునిండా తిని కూర్చున్నాడా? లేక తలుపు వేసిన గదిలో వీపు మీద పుండ్లతో పడి ఉన్నాడా?

మన దగ్గర ఈ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. మన ఆశ్రమాల గేటు తలకిందులుగా నిలబెట్టి ఉంది. జపాన్‌లో 2014లో ప్రత్యేక వృద్ధుల నిలయాల్లో చోటు కోసం 5 లక్షల 20 వేల మందికి పైగా ఎదురుచూస్తుండేవారు. 2015లో వాళ్లు ఒక నియమం పెట్టారు. సంరక్షణ అవసరాన్ని ఐదు స్థాయులుగా లెక్కించి, మూడో స్థాయి, ఆ పైన ఉన్నవాళ్లకే సాధారణంగా ప్రవేశం అన్నారు. అంటే లేవలేనివాళ్లకు నిలయం, ఓపిక ఉన్నవాళ్లకు ఇంటి దగ్గర సాయం. ఆ నియమం వల్ల బాధపడ్డ కుటుంబాలూ ఉన్నాయి, అది నిర్దోషమైన ఏర్పాటేమీ కాదు. కానీ దాని దిశ సరైనదే. మన దగ్గర నడవగలిగిన వాళ్లకు గేటు తెరుచుకుంటుంది, నడవలేనివాళ్లకు మూసుకుంటుంది. ఇంట్లో కాస్త తోడు, వండిపెట్టే మనిషి ఉంటే హాయిగా ఉండగలిగినవాళ్లు ఆశ్రమంలో ఉంటారు. ఆశ్రమం నిజంగా అవసరమైనవాళ్లు ఇంట్లో, ఎవరూ లేని మధ్యాహ్నాల్లో, తడిసిన దుప్పటి మీద ఉంటారు. చేర్చుకున్న తర్వాత మంచం పడితే తీసుకెళ్లిపోవాలని ముందే సంతకం పెట్టించుకుంటామని నాతో ఫోనులో చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

ఆశ్రమాల వాళ్లను నేను తిట్టలేను. చాలావరకూ అవి చందాల మీద, ఒకరిద్దరి ఓపిక మీద నడిచేవి. వండే మనిషి, ఊడ్చే మనిషి ఉంటారు కానీ ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి, మలమూత్రాలు ఎత్తే మనుషులకు జీతాలు ఇవ్వగలిగిన స్థితి వాళ్లకు లేదు.

మరి చట్టం ఏం చెబుతోంది? 2007లో పార్లమెంటు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. పిల్లలు పోషించకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, నెలకు 10,000 రూపాయల వరకూ మనోవర్తి ఇప్పించవచ్చు. వదిలేస్తే మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, ఒక్కొక్కదానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా ఏర్పాటు "చేయవచ్చు". చేయాలి అనలేదు. ఆ చట్టం మొత్తం వెతికినా ఇంటికి వచ్చి సాయం చేసే మనిషి గురించి ఏర్పాటు ఏదీ లేదు. చట్టం దృష్టిలో రెండే చోట్లు ఉన్నాయి: పిల్లల ఇల్లు, లేకపోతే ఆశ్రమం. మధ్యలో ఉండవలసిన ప్రపంచమంతా ఖాళీ. 2019లో తెచ్చిన సవరణ బిల్లులో ఇంటి దగ్గర సేవలు అందించే సంస్థల నమోదు, ప్రమాణాల మాట వచ్చింది. అది స్థాయీ సంఘానికి వెళ్లింది, చట్టం కాకుండానే 17వ లోక్‌సభతో పాటు కాలగర్భంలో కలిసిపోయింది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఒకటో తేదీన గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటికి తెచ్చి చేతిలో పెడతారు. పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఇది చిన్న విషయం కాదు. మా వీధిలో ఆ డబ్బు వచ్చాక కోడళ్ల మాట తీరు మారిన ఇళ్లు నాకు తెలుసు. ముసలావిడ మాత్రలకు ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. కానీ పింఛను తెచ్చిన మనిషి అయిదు నిమిషాల్లో వేలిముద్ర తీసుకుని వెళ్లిపోతాడు. డబ్బు గుమ్మం దాకా వస్తోంది, చెయ్యి రావడం లేదు. 15,000 చేతిలో ఉన్నా ఆ ఊళ్లో ఒళ్లు తుడిచే పని నేర్చిన మనిషి లేకపోతే ఆ డబ్బుతో ఏం కొంటారు? డైపర్లు కొంటారు. డైపరు మార్చే మనిషిని కొనలేరు.

కేరళను చూడమని చాలామంది అంటారు, నిజంగానే చూడాలి. 1993లో కోళికోడ్‌లో కొందరు వైద్యులు నొప్పి నివారణ సేవలు మొదలుపెట్టారు. అది ఊళ్లకు పాకి, ఇరుగుపొరుగు వాళ్లే స్వచ్ఛందంగా మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఉద్యమమైంది. 2008లో ఆ రాష్ట్రం దీనికో విధానాన్ని ప్రకటించింది, పంచాయతీల తరఫున నర్సులు ఇళ్లకు వెళ్లడం మొదలైంది. ఇటు తెలంగాణలో కూడా ఆలన పేరుతో పాలియేటివ్ సిబ్బంది, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సిబ్బంది, వాహనాల్లో ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, నొప్పి మందులు ఇచ్చే పని జరుగుతోంది. ఇవి గొప్ప పనులు.

కానీ నా వాదనకు కేరళ ఒక చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. అంత సేవ ఉన్న రాష్ట్రంలోనే వృద్ధాశ్రమాలు కూడా దేశంలో ఎక్కువగా ఉన్నాయి. ఇంటి దగ్గర సేవలుంటే ఆశ్రమాల అవసరం తగ్గుతుందన్నావు కదా, మరి అక్కడెందుకు తగ్గలేదు అని అడగవచ్చు. దీని గురించి నేను చాలా ఆలోచించాను. పిల్లలు గల్ఫ్‌లో ఉండటం, వృద్ధుల శాతం దేశంలోనే ఎక్కువగా ఉండటం కొంత కారణం. అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది. నర్సు నెలకో పదిహేను రోజులకో వచ్చి కట్టు మార్చి వెళ్తుంది. మనిషికి మాత్రం ప్రతి రోజూ పొద్దున లేపే చెయ్యి కావాలి. వైద్యం వేరు, ఆసరా వేరు. ఇంటి సేవ అనగానే మనం రక్తపోటు చూసే యంత్రం గురించే ఆలోచిస్తాం. ముసలి మనిషిని ఇంట్లో నిలబెట్టేవి మరుగుదొడ్డి దాకా నడిపించడం, జుట్టు దువ్వడం, అన్నం మెత్తగా కలిపి పెట్టడం.

పెద్దమ్మ ఈ మాట నాకంటే ముందే చెప్పింది. ఫోన్లు చేసి చేసి నేను అలసిపోయిన రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నన్ను ఎక్కడికీ పంపకండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎవరైనా వచ్చి లేపితే చాలు. మిగతా పొద్దంతా నేను పడి ఉంటాను" అంది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ మాట విన్నాకే, ఇరవై నాలుగు గంటల మనిషి కోసం వెతుకుతూ మేమే తప్పు చేశామని అర్థమైంది. మాకు కావలసింది రోజుకు రెండు గంటల మనిషి. అలాంటి మనిషిని ఏ ఏజెన్సీ అమ్మదు, ఏ పథకం పంపదు. మా పనిమనిషి చెబితే తెలిసింది, రెండు వీధుల అవతల ఒకావిడ తణుకులో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు ఆయాగా పనిచేసి మానేసిందని. ఊళ్లో అందరూ నర్సమ్మ అంటారు. ఆవిడ వచ్చి పెద్దమ్మను చూసి, మడమ కింద ఎర్రబడిన చోట వేలు పెట్టి, "ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే పుండు పడేదమ్మా" అంది. పొద్దున ఆరున్నరకు వచ్చి గంట, సాయంత్రం అయిదుకు వచ్చి గంట. నెలకు ఆరు వేలు మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం పక్కింటి వాళ్లు ఒకసారి తలుపు తీసి చూసేవారు, రాత్రికి మా చిన్నమ్మ వచ్చి పడుకునేది. మూడో నెలకు పెద్దమ్మ వాకర్ పట్టుకుని వసారా దాకా వచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలోనే వెళ్లిపోయింది. వీపు మీద ఒక్క పుండు లేదు.

నర్సమ్మ అప్పటికి మా ఇల్లు కాక మరో మూడు ఇళ్లకు వెళ్లేది. నాలుగు ఇళ్లు, తలా ఆరు వేలు. ఏజెన్సీకి మేము ఒక్క ఇంటికి ఇచ్చిన పాతిక వేలతో దాదాపు సమానం. అదే డబ్బుతో నాలుగు ఇళ్లలో నాలుగు ప్రాణాలు శుభ్రంగా ఉన్నాయి. డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగేవాళ్లకు నేను ఈ లెక్కే చూపిస్తాను.

ఈ పనిని ఆశా కార్యకర్తల మీదో ఏఎన్‌ఎంల మీదో వేయమని మాత్రం నేను అడగను. వాళ్ల నెత్తిన ఇప్పటికే మోయలేనంత ఉంది. పారితోషికం మీద బతికే ఆశాలకు ఇంకో రిజిస్టరు ఇవ్వడం సేవ కాదు. ఇది విడిగా ఒక ఉద్యోగం కావాలి. నేర్పించే చోటు ఉండాలి, జీతం ఉండాలి, సెలవు ఉండాలి, పేరు ఉండాలి. మన సమాజంలో మరో మనిషి మలం ఎత్తే పనిని ఎవరికి వదిలేశామో, వాళ్లను గుమ్మంలో ఎక్కడ నిలబెట్టామో అందరికీ తెలుసు. నర్సమ్మకు మా వీధిలో ఒక ఇంట్లో మొదటి నెల మంచినీళ్లు విడి గ్లాసులో ఇచ్చారు. ఆ చూపు మారకుండా ఎంత జీతం ఇచ్చినా ఈ పనికి మనుషులు రారు.

జపాన్‌వాళ్ల ఆలోచనలో ఒక కొలత నాకు బాగా నచ్చింది. మనిషికి కావలసిన సేవలన్నీ అరగంటలో చేరగలిగే దూరంలో ఉండాలని వాళ్లు లక్ష్యం పెట్టుకున్నారు. ఆశ్రమంలో ఎన్ని పడకలు, ఎన్ని నిండాయి అనే లెక్క పక్కన మనం కూడా ఈ లెక్క వేయాలి. మన సచివాలయాల దగ్గర ఎవరికి ఏ పింఛను వస్తుందో ఇంటింటి వివరం ఉంది. మంచాన ఉన్నవాళ్లు ఎవరో కూడా ఆ జాబితాలో చాలావరకూ తెలుస్తుంది. ఆ ఇంటికి అరగంటలో చేరగలిగిన ఆసరా మనిషి ఉందా లేదా అనే గడి ఒక్కటి అందులో చేర్చడానికి కొత్త భవనం కట్టనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2050 నాటికి దేశంలో నూటికి దాదాపు 21 మంది అరవై దాటినవాళ్లే. తెలుగు రాష్ట్రాల్లో పిల్లల సంఖ్య దేశ సగటు కంటే ముందే తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7, తెలంగాణలో 1.8 అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మా ఇంట్లో పెద్దమ్మను పంచుకోవడానికి మేం ముగ్గురం ఉన్నాం. నాకు ఉన్నది ఒక్క కూతురు.

పోయిన వేసవిలో ఊరు వెళ్లినప్పుడు నర్సమ్మ కనిపించింది. పెద్దమ్మ స్థానంలో మరో ఇల్లు ఒప్పుకుంది, ఇప్పటికీ నాలుగే. మేము మాట్లాడుతుండగానే గుడి దగ్గరి ఇంటాయన స్కూటరు ఆపి, వాళ్ల అమ్మకు పక్షవాతం వచ్చిందని, పొద్దున ఒక్క అరగంటైనా రమ్మని అడిగాడు. ఆవిడ వేళ్ల మీద ఇళ్లు లెక్కపెట్టుకుంది, ఒకదాని నుంచి ఇంకోదానికి పట్టే సమయం లెక్కపెట్టుకుంది. తనకు మోకాళ్లు పట్టేస్తున్నాయని చెప్పింది. చివరికి "ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి బాబూ" అంది. ఇంకెవరూ లేరని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆయన కాసేపు అక్కడే నిలబడి, తణుకులో ఏదైనా ఆశ్రమం నంబరు ఉందా అని నన్ను అడిగాడు.